పంపాలా, చెరిపేయాలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో చేతులు మారే సందేశాల మీద వచ్చిన ప్రశ్నలను ఈ సంచికలో ఒకచోట చేర్చాం. చాలామంది పేరు వేయవద్దన్నారు. అందుకే ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: సమ్మక్క తల్లి మహిమ అని ఒక మెసేజ్ వచ్చింది. 21 మందికి పంపితే వారంలో శుభవార్త, పంపకుంటే ఇంట్ల అరిష్టం అని రాసిన్రు. నమ్మకం లేదు గని, పంపకుండ ఉంటే మనసుల గుబులు. ఏం చేయాలె?
– గృహిణి, హన్మకొండ

జవాబు: పంపకండి. ఏమీ కాదు. ఈ ఉత్తరం వాట్సాప్ కంటే చాలా పాతది. పోస్టుకార్డుల కాలంలో తిరుపతి వెంకన్న పేరుతోనో, సంతోషిమాత పేరుతోనో వచ్చేది. గుడిలో పాము కనిపించి మాట్లాడిందని, చదివినవాళ్లు ఇన్ని కార్డులు రాసి పంచాలని ఉండేది. కరపత్రాలైతే ఏకంగా వెయ్యి అచ్చు వేయించమనేవి. ప్రెస్సు వాళ్లకు అదో బేరం. తర్వాత అదే ముక్క ఈమెయిల్‌లోకి ఎక్కింది, ఇప్పుడు ఫోన్‌లోకి దిగింది. మేడారం జాతర దగ్గర పడితే పాత పేరు తీసి సమ్మక్క పేరు పెడతారు, అంతే తేడా.

అందులో ఉండే సాక్షులను ఒకసారి చూడండి. పంపి లాటరీ కొట్టిన గుమాస్తా ఒకరు, పారేసి వ్యాపారం పోగొట్టుకున్న సేటు ఒకరు. ఇద్దరికీ ఊరుండదు, ఇంటిపేరుండదు, అది ఏ సంవత్సరమో ఉండదు. అడగడానికి మనిషి దొరకకుండా రాయడమే ఇందులో పనితనం. గడువు పెట్టేది కూడా ఊరికే కాదు. రెండు రోజులు ఆగితే గుబులు దానంతటదే తగ్గుతుంది, మెసేజ్ అక్కడే ఆగిపోతుంది.

లెక్క కూడా వేసి చూద్దాం. ఒకరు 21 మందికి, వాళ్లు తలా 21 మందికి పంపారనుకోండి. ఐదో విడతకు 40 లక్షలు దాటుతుంది. ఆరో విడతకు 8 కోట్ల 57 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ అంతా కలిపి మూడున్నర కోట్లే. ఎనిమిదో విడతకు 3,782 కోట్ల మంది కావాలి, భూమ్మీద ఉన్నది 800 కోట్లకు కాస్త ఎక్కువ. అంటే గొలుసు ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. తెంపినవాళ్లకు అరిష్టమే నిజమైతే ఈపాటికి రాష్ట్రంలో బాగున్న ఇల్లు ఒక్కటి కూడా మిగలకూడదు. ఇక శుభవార్త సంగతి. 21 ఇళ్లలో వారం రోజుల్లో ఎక్కడో ఒకచోట సంబంధం కుదురుతుంది, మరో ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది. పంపినా అంతే, పంపకపోయినా అంతే.

తల్లికి మొక్కంటే నిలువెత్తు బంగారం, అదే బెల్లం, లేదంటే ఒడిబియ్యం. ఫోన్‌లో మనుషుల లెక్క ఏ మొక్కులోనూ లేదు. మెసేజ్ పంపింది పెద్దవాళ్లయితే దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకోండి, వాళ్ల మాట కాదన్నట్టూ ఉండదు.

ప్రశ్న: కాలేజీ గ్రూపులో ఒక లిస్టు తిరుగుతోంది. ఆరుగురి పేర్లు, యూపీఐ నంబర్లు ఉన్నయ్. మొదటి పేరుకు 100 రూపాయలు పంపి, ఆ పేరు తీసేసి, చివర మన పేరు రాసి పది మందికి పంపాలట. మన పేరు పైకి వచ్చేసరికి 10 కోట్లు వస్తయని లెక్క చూపిస్తున్నరు. లెక్కయితే తప్పు లేదు సార్.
– డిగ్రీ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: గుణకారం తప్పు లేదు. మీ పేరు ఆరో చోట ఉన్న లిస్టు 10 మందికి, ఐదో చోట 100 మందికి, అలా మొదటి చోటికి వచ్చేసరికి 10 లక్షల మందికి చేరుతుంది. తలా 100 అంటే 10 కోట్లే. కానీ మీకు డబ్బు పంపిన ఆ 10 లక్షల మందికీ అంతే రావాలంటే లక్ష కోట్ల మంది మనుషులు కావాలి. వాళ్లెక్కడి నుంచి వస్తారు? పదింతలుగా పెరిగే ఏ గొలుసులోనైనా, అది ఆగిన రోజున అందులో ఉన్నవాళ్లలో పది మందికి తొమ్మిది మంది చివరి వరుసలోనే ఉంటారు. వాళ్లు కట్టడమే కానీ వాళ్లకు వచ్చేది సున్నా. మీకు లిస్టు అందిందంటే మీరున్నది బహుశా ఆ వరుసలోనే.

ఇంకో మాట. ఆ ఆరు నంబర్లూ ఒకే మనిషివి కావని ఎట్లా తెలుసు? పై నుంచి కింది దాకా తన సిమ్‌లు, తన వాళ్ల సిమ్‌లు రాసుకుని మొదలుపెడితే ఆరు విడతల దాకా డబ్బు అక్కడికే పోతుంది. చట్టం సంగతీ తెలుసుకోండి. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం కింద ఇలాంటిది నడపడమే కాదు, సభ్యుడిగా చేరడం కూడా నేరం. మీ పేరు, నంబరు మీరే రాసి పది మందికి పంపితే రుజువు మీరే ఇచ్చినట్టు.

ప్రశ్న: నా ఈమెయిల్ ఐడీ నుంచే నాకు ఒక మెయిల్ వచ్చింది. "నీ కంప్యూటర్ నా చేతిలో ఉంది, కెమెరాలో నిన్ను వీడియో తీశాను, 48 గంటల్లో బిట్‌కాయిన్ పంపకపోతే నీ కాంటాక్టులందరికీ పంపుతాను" అని. అందులో నా పాస్‌వర్డ్ కూడా ఉంది, అది నేను ఒకప్పుడు వాడిందే. రెండు రోజులుగా నిద్ర లేదు.
– ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: వీడియో లేదు. మీ కంప్యూటర్ అతని చేతిలో లేదు. పైసా పంపకండి, జవాబు కూడా ఇవ్వకండి. జవాబిస్తే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడు, భయపడ్డాడు అని చెప్పినట్టే. ఒకే ముక్కను లక్షల చిరునామాలకు ఒకేసారి పంపుతారు. పాస్‌వర్డ్ చోట ఎవరిది వాళ్లకు పడేలా చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది.

ఆ పాస్‌వర్డ్ ఎక్కడిదంటే, మీరు ఎప్పుడో ఖాతా తెరిచిన ఏదో వెబ్‌సైటు నుంచి దొంగలించినది. అలాంటి జాబితాలు దొంగల మధ్య అమ్ముడవుతుంటాయి. "హ్యావ్ ఐ బీన్ పోన్డ్" అనే సైటులో మీ ఈమెయిల్ ఐడీ కొడితే ఏ సైటు నుంచి, ఏ సంవత్సరంలో బయటపడిందో చూపిస్తుంది. పాస్‌వర్డ్ మాత్రం ఎక్కడా కొట్టకండి. అదే పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే ఇవాళే మార్చండి. మొదట ఈమెయిల్‌ది మార్చండి. మిగతా ఖాతాలన్నింటి తాళం మార్చేందుకు వచ్చే లింకులు అక్కడికే వస్తాయి. తర్వాత రెండంచెల ధృవీకరణ, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగేది, పెట్టుకోండి.

మీ ఐడీ నుంచే ఎలా వచ్చిందన్నదే కదా అసలు భయం. ఇన్‌లాండ్ లెటరు మీద పంపినవారి చోట ఎవరి పేరైనా రాయొచ్చు, పోస్టాఫీసు అడగదు. మెయిల్‌లో "ఫ్రమ్" అనే గడి కూడా అంతే. నిజం తెలుసుకోవాలంటే కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్‌కు కుడి పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" ఎంచుకోండి. ఫోన్ యాప్‌లో ఇది దొరకదు. వచ్చిన పేజీలో పైనే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని, పంపినది ఎవరో సరిచూసే వరుసలుంటాయి. వాటి ఎదురుగా "ఫెయిల్" అని ఉందంటే పేరు ఒకరిది, పంపింది ఇంకొకరు. "పాస్" అని ఉంటే మాత్రం వెంటనే నమ్మేయకండి. ఆ డొమైన్ (చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) నుంచే వచ్చిందని దానర్థం, రాసిన విషయం నిజమని కాదు. దొంగ కూడా డబ్బు పెట్టి సొంత డొమైన్ కొనుక్కుంటే అన్నీ "పాస్" అనే చూపిస్తాయి.

ఒక్క తేడా గుర్తుంచుకోండి. మెయిల్‌లో మీ అసలు ఫొటోగానీ, వీడియోగానీ జత చేసి ఉన్నా, వీడియో కాల్‌లో ఎవరితోనో మాట్లాడిన తర్వాత ఇది మొదలైనా, అది ఉత్తుత్తి బెదిరింపు కాదు. అప్పుడు ఏదీ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అప్పుడు కూడా డబ్బు పంపవద్దు. ఒకసారి పంపినవాళ్లను మళ్లీ అడుగుతారు.

ప్రశ్న: పీఎం కిసాన్ పైసలు ఆగినయ్, ఈ ఫైలు ఎక్కించుకోండి అని మా గ్రూపులో మెసేజ్ వచ్చింది. పంపింది తెలిసిన మనిషే. ఎక్కించిన, ఏం తెరుచుకోలే. ఇప్పుడు భయమైతుంది.
– రైతు, పరకాల

జవాబు: ఫైలు పేరు చివర "ఏపీకే" అని ఉంటే అది ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, ఇది చదువుతున్న చోటే లేచి పని మొదలుపెట్టండి. ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వేరే ఫోన్ నుంచి మీ బ్యాంకుకు చేసి ఖాతా లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయి ఉంటే 1930కి కూడా చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు ఇంకా ఎవరి ఖాతాలోనో ఉండగానే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇలాంటి యాప్ మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. మనం "అలో" నొక్కుతాం. అప్పటి నుంచి బ్యాంకు పంపే ఓటీపీలు దొంగకు చేరతాయి. మీ వాట్సాప్ నుంచి అదే ఫైలు మీ గ్రూపులన్నింటికీ వెళ్తుంది. తెలిసిన మనిషి పంపాడంటే ఆయన ఫోన్ కూడా అప్పటికే పోయిందనుకోవాలి, ఆయనకూ చెప్పండి. యాప్‌ను తీసేసినా మిగిలిపోయేవి ఉంటాయి. ఫొటోలు, నంబర్లు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ (కొన్నప్పటిలా అంతా తుడిచేయడం) చేయించడమే మేలు. మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లించారేమో స్టార్ హ్యాష్ 21 హ్యాష్ కొట్టి చూడండి. మళ్లించి ఉంటే హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ కొడితే రద్దవుతుంది.

పీఎం కిసాన్ కోసం ప్రభుత్వం వాట్సాప్‌లో ఫైలు పంపదు. పైసలు ఆగాయో లేదో ఆ పథకం వెబ్‌సైటులోనో, మీసేవలోనో చూసుకోవచ్చు.

ప్రశ్న: మా ఊరి గ్రూపులో పిల్లలను ఎత్తుకపోయే ముఠా దిగిందని వీడియో పెట్టిన్రు. పోరగాళ్లు కర్రలు పట్టుకుని రాత్రి కాపలా తిరుగుతున్నరు. నిజమైతే ఊకుంటే ఎట్లా అంటున్నరు.
– యువజన సంఘం సభ్యుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: మీ జిల్లాకు ఈ సంగతి కొత్త కాదు. 2018 మే నెలలో సరిగ్గా ఇలాంటి మెసేజ్‌ల తర్వాతే నిజామాబాద్ జిల్లాతో సహా తెలంగాణలో చాలాచోట్ల అమాయకుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే ఏడాది జులై 13న బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఒకరిని కొట్టి చంపారు. ఆయనతో వచ్చినవాళ్లు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే కారణం. ఆ రోజుల్లో తిరిగిన వీడియోల్లో ఒకటి, బైకు మీద వచ్చి పిల్లవాణ్ని ఎత్తుకుపోయేది, కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర పిల్లవాణ్ని తిరిగి దింపి బోర్డు చూపించే భాగాన్ని ఎవరో కత్తిరించి పంచారు.

వీడియో దొరికితే ఇలా చూడండి. దుకాణం బోర్డు, బండి నంబరు, బస్సు, పిల్లల యూనిఫాం కనిపించే చోట ఆపి మూడు నాలుగు స్క్రీన్‌షాట్లు తీసి, బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో వేయండి. ఎక్కడిదో, ఎప్పటిదో చాలాసార్లు అక్కడే తేలుతుంది. బోర్డు మీద భాష మనది కాకపోతే అక్కడితోనే ఆపొచ్చు. బండి నంబర్లు కూడా సాయం చేస్తాయి. 2024 మార్చి తర్వాత కొత్త బండ్లకు టీజీ, దానికి ముందు టీఎస్, రాష్ట్రం రాకముందు ఏపీ. నిన్న మన మండలంలో తీశారన్న వీడియోలో రోడ్డు మీద ఏపీ నంబర్లు తప్ప ఇంకేవీ కనిపించకపోతే అనుమానించాలి. పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. మెసేజ్ రాతను కూడా చూడండి. పోలీసులు నిజంగా హెచ్చరిస్తే ఏ స్టేషన్, ఏ తేదీ అన్నది ఉంటుంది. "మన ఏరియాలో" అని మాత్రమే ఉంటే అదే రాత పక్క జిల్లాలో కూడా తిరుగుతోందన్నమాట.

కాపలా సంగతికి వస్తే, కర్రలు ఇంట్లో పెట్టించండి. ఇలాంటి రాత్రుల్లో చేతికి దొరికేది ముఠా కాదు. దారి తప్పిన మతిస్థిమితం లేని మనిషి, అడుక్కునేవాళ్లు, గంగిరెద్దులవాళ్లు, భాష రాని వలస కూలీలు దొరుకుతారు. కొత్త మనిషి కనబడితే గ్రామ పంచాయతీ దగ్గర కూర్చోబెట్టి నీళ్లిచ్చి 100కో, 112కో చేయండి. వీడియో తీసి గ్రూపులో పెట్టకండి. దాన్ని చూసి పది ఊళ్ల జనం వచ్చాక ఆపడం ఎవరి చేతిలోనూ ఉండదు. గ్రూపు అడ్మిన్‌కు చెప్పి రెండు రోజులు అడ్మిన్లు తప్ప వేరెవరూ పోస్టు పెట్టకుండా సెట్టింగ్ మార్పించండి.

ప్రశ్న: మన జాతీయ గీతాన్ని యునెస్కో ప్రపంచంలోనే ఉత్తమమైనదిగా ప్రకటించిందని, దీపావళి రాత్రి భారతదేశం ఫొటోను నాసా తీసిందని పిల్లలు ప్రాజెక్టుల్లో రాసుకొస్తున్నారు. ఎలా సరిదిద్దాలి?
– ఉపాధ్యాయుడు, ములుగు

జవాబు: జాతీయ గీతం మెసేజ్ 2008 నుంచీ తిరుగుతోంది. యునెస్కో జాతీయ గీతాలకు ర్యాంకులు ఇవ్వదు, అలాంటి ప్రకటన చేయలేదని అప్పట్లోనే చెప్పింది. పిల్లలకు చూపించడానికి మీ జిల్లాలోనే సరైన ఉదాహరణ ఉంది. పాలంపేట రామప్ప గుడిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది 2021 జులై 25న. తేదీ ఉంది, నిర్ణయం జరిగిన సమావేశం ఉంది, యునెస్కో సైటులోని జాబితాలో గుడి పేరు ఉంది. నిజంగా జరిగినదానికి ఇలా కాగితం మిగులుతుంది. జాతీయ గీతం కోసం అదే సైటులో వెతకమనండి, ఏమీ దొరకదు.

దీపావళి ఫొటో నకిలీ కాదు, కింద రాసిన మాటే తప్పు. 1992 నుంచి 2003 దాకా అమెరికా ఉపగ్రహాలు తీసిన రాత్రి చిత్రాలను కలిపి, ఏ ఏటికి ఎక్కడ దీపాలు పెరిగాయో తెలియడానికి వేర్వేరు రంగులు వేసిన పటం అది. దీపావళి దివ్వెల వెలుగు అంత ఎత్తు నుంచి విడిగా తెలిసేంత తేడా చూపదు. 2012లో నాసానే దీపావళి ముందు రోజు రాత్రి తీసిన అసలు చిత్రాన్ని ప్రచురించింది. అందులో రంగులు లేవు, మామూలు ఊళ్ల వెలుగులే.

అన్నీ అబద్ధమనుకునే అలవాటు కూడా పిల్లలకు రాకూడదు. రామప్ప శిఖరంలోని ఇటుకలు నీళ్లలో తేలతాయన్న మాట వింటే ఫార్వర్డ్ మెసేజ్‌లాగే ఉంటుంది. అది నిజం. గుల్లగా, తేలికగా కాల్చిన ఇటుకలవి.

ప్రశ్న: వాట్సాప్‌లో మూడో టిక్కు ఎర్రగా వస్తే ప్రభుత్వం కేసు పెట్టినట్టేనా?
– జనగామ

జవాబు: మూడో టిక్కే లేదు. ఎర్రదీ లేదు. అయితే అల్లర్లు రేపే తప్పుడు వార్తలు పంచితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 353 కింద కేసు నిజంగానే పెట్టొచ్చు, దానికి ఏ టిక్కూ అక్కర్లేదు. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది.

ప్రశ్న: 10 రూపాయల బిళ్లలు చెల్లవని గిరాకీలు తీసుకుంటలేరు. గీతలు పది ఉంటే అసలుది, పదిహేను ఉంటే నకిలీ అంటున్నరు. నా దగ్గర డబ్బా నిండా ఉన్నయ్.
– కిరాణా దుకాణదారు, నర్సంపేట

జవాబు: పది గీతలది, పదిహేను గీతలది, రూపాయి గుర్తు ఉన్నది, లేనిది, అన్నీ చెల్లుతాయి. అప్పటికి 14 నమూనాల్లో విడుదలయ్యాయని, అన్నీ చెల్లుబాటేనని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో పత్రికా ప్రకటన ఇచ్చింది. దాన్ని రిజర్వు బ్యాంకు సైటు నుంచి తీసి ప్రింటు కొట్టించి గల్లాపెట్టె పక్కన అంటించండి. నోటితో చెప్పేదానికంటే కాగితానికి విలువెక్కువ. ఈ పుకారు ఇన్నేళ్లు బతకడానికి కారణం దుకాణదారులే కొంత. ఎదుటివాళ్లు తీసుకోరని మీరు, మీరు తీసుకోరని వాళ్లు. 2011 నాణేల చట్టం ప్రకారం ఒక చెల్లింపులో 1,000 రూపాయల వరకు నాణేలతో ఇవ్వడం చెల్లుతుంది.

డబ్బాలో ఉన్నవాటిని వందేసి లెక్కపెట్టి కవర్లలో కట్టి బ్యాంకుకు తీసుకెళ్లండి, రద్దీ లేని వేళ చూసుకుని. వద్దంటే మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో పని కాకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టొచ్చు.

ప్రశ్న: మా పెద్దనాయిన రోజూ పొద్దున్నే ఇట్లాంటివి చుట్టాల గ్రూపులో పెడుతడు. అందరి ముందు తప్పని చెప్తే చిన్నబుచ్చుకుంటడు. చెప్పకపోతే మిగతావాళ్లు నమ్ముతరు.
– హుజూరాబాద్

జవాబు: గ్రూపులో కాదు, విడిగా ఫోన్ చేయండి. "పెద్దనాయినా, అది తప్పు" అని మొదలుపెడితే మాట అక్కడే తెగుతుంది. "ఇది ఎవరు పంపిన్రే?" అని అడగండి. ఇంకెవరో పంపారని ఆయనే చెబుతారు, తప్పు ఆయన మీద నుంచి పోతుంది. తర్వాత నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్‌లీ లాంటి సైట్లలో తెలుగులో ఉన్న వివరం లింకు ఆయనకే పంపి, గ్రూపులో ఆయన చేతనే పెట్టించండి. మెసేజ్ పైన రెండు బాణాలతో "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని ఉంటే, అది మన దాకా రాకముందే కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. ఆ గుర్తు ఒకటి చూపించి పెట్టండి, మరుసటి రోజు నుంచి ఆయనే చూసుకుంటారు.

పెట్టిన రెండున్నర రోజుల్లోపు అయితే "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" పనిచేస్తుంది. కానీ అప్పటికే వేరే గ్రూపులకు వెళ్లిన కాపీలు పోవు. కాబట్టి తీసేశాక "పొద్దున పెట్టింది తప్పట, ఎవరికీ పంపకండి" అని ఒక్క వాక్యం వేయమనండి. పాత విషయమంతా మళ్లీ రాయనివ్వకండి, సగం చదివి దాన్నే ముందుకు పంపేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు.